వరంగల్ దుకాణానికి ఏ మెయిల్ సర్వీసు? పైసలు తక్కువ పెట్టి ఎంచుకునే లెక్క

హన్మకొండలో నాది చిన్న ప్రింటింగ్ షాపు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు. ఈ మధ్య బిల్లు బుక్కుల కోసం వచ్చినవాళ్లు కూడా కుర్చీలో కూర్చున్నాక, "అన్నా, మా కస్టమర్లందరికీ ఒకేసారి మెయిల్ కొట్టాలంటే ఏది మంచిగుంటది? ఎంతైతది?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకటే జవాబు చెప్పలేను. కొత్తవాడలో జంపఖానాలు అమ్మే మా బావకు ఒకటి చెప్పాను. ఇంట్లో సకినాలు, గరిజెలు చేసి అమెరికాకు పంపే మా చిన్నమ్మకు ఇంకొకటి. కోచింగ్ సెంటర్ నడిపే మిత్రుడికి మూడోది. ముగ్గురి లెక్కలూ ఇక్కడ పెడుతున్నాను. మీ వ్యాపారం ఎవరికి దగ్గరగా ఉందో చూసుకోండి.

అంతకన్నా ముందు ఒక మాట. మీ గిరాకీ అంతా మట్టెవాడ, కాజీపేట, హంటర్ రోడ్ మనుషులే అయితే మెయిల్ జోలికి పోకండి. కిరాణా, టైలర్, మెడికల్ షాపు కస్టమర్ వాట్సాప్ చూస్తాడు, మెయిల్ చూడడు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు. కాకపోతే మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఎస్సెమ్మెస్ అంటారా, దానికి డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు పోర్టల్‌లో) రిజిస్టర్ కావాలి, పంపే పేరుకూ, పంపే వాక్యానికీ ముందే అనుమతి తీసుకోవాలి. పైగా ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70కే అయిపోతుంది. గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. "దసరా శుభాకాంక్షలు" అనేసరికే చోటు తరుగుతుంది.

మెయిల్ పనికొచ్చేది దూరపు గిరాకీకి, ఆఫీసు గిరాకీకి. బావ దగ్గర కొనేవాళ్లు హైదరాబాద్ బొటిక్‌లు, హోటళ్లు, ఎగ్జిబిషన్‌లో చూసి కార్డు ఇచ్చి పోయినవాళ్లు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) వచ్చాక బయటి రాష్ట్రాల వాళ్లు అడగడం పెరిగిందని ఆయన అంటాడు. వీళ్లు పొద్దున ఆఫీసులో కూర్చోగానే మెయిల్ తెరిచే మనుషులు. చిన్నమ్మ గిరాకీ డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉంది. పెంబర్తి ఇత్తడి సామాన్లు, నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ అమ్మేవాళ్లదీ ఇదే వరస.

ఇక పైసల సంగతి. ఏ సర్వీసు తీసుకోవాలా అని ఆలోచించే ముందు మొదటి వెయ్యి రూపాయలు సొంత డొమైన్ మీద, అంటే మీ దుకాణం పేరుతో ఇంటర్నెట్ అడ్రసు మీద పెట్టండి. మామూలు డాట్ ఇన్ పేరు ఏడాదికి దాదాపు ఆ లోపే దొరుకుతుంది. మొదటి ఏడాది ఆఫర్ చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర ఎంతో చూడండి. డొమైన్ ఎందుకంటే, జీమెయిల్, యాహూ రెండూ 2024 ఫిబ్రవరి నుంచి గుంపుగా పంపే మెయిళ్ల మీద గట్టి నియమాలు పెట్టాయి. మీ అడ్రసు చివర జీమెయిల్ డాట్ కామ్ ఉండి, పంపేది మాత్రం ఇంకో కంపెనీ సర్వర్ అయితే, అవతలి జీమెయిల్ దాన్ని అనుమానంగా చూస్తుంది. చాలాసార్లు నేరుగా స్పామ్‌లో పడుతుంది.

డొమైన్ కొన్నాక అందులో మూడు వరసలు చేర్చాలి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. పేర్లు చూసి టెన్షన్ పడొద్దు. ఎస్‌పీఎఫ్ అంటే "నా పేరు మీద ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మన్లు వీళ్లే" అని గేటు మీద రాసిపెట్టడం. డీకిమ్ కవరు మీద వేసే లక్క ముద్ర లాంటిది. ఆ రెండూ సరిగా లేని ఉత్తరం వస్తే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. సర్వీసువాళ్లే ఆ వరసలు తయారు చేసి ఇస్తారు, మీరు కాపీ చేసి డొమైన్ కొన్న చోట అతికించాలి. చేయి తిరిగినవాడికి పావుగంట పని. నాకు మొదటిసారి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

"మామూలు జీమెయిల్ నుంచే బీసీసీలో పెట్టి పంపితే పోదా?" అని చాలామంది అడుగుతారు. బీసీసీ అంటే ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడకుండా పంపే గడి. నేనూ అలాగే అనుకున్నాను. ఒక దసరాకు ముందు బావ లిస్టులోంచి 600 మందిని బీసీసీలో పెట్టి, షాపు జీమెయిల్ నుంచి పంపడానికి చూశాను. మామూలు జీమెయిల్‌కు రోజుకు 500 మందే హద్దు. ఆ సాయంత్రం నుంచి ఒక్క మెయిల్ బయటికి పోతే ఒట్టు. మర్నాటి దాకా పెళ్లి కార్డు ప్రూఫులు పంపలేక రెండు ఇళ్లవాళ్లతో మాటలు పడ్డాను. పైగా బీసీసీలో పంపితే వద్దనుకున్నవాడు నొక్కడానికి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండదు. లింకు లేకపోతే అతను నొక్కేది "స్పామ్" బటనే.

సరే, ఇప్పుడు సర్వీసులు. ఇవి బోలెడన్ని ఉన్నా డబ్బు తీసుకునే పద్ధతులు రెండే. కొన్ని మీ లిస్టులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి తీసుకుంటాయి. కొన్ని మీరు నెలలో ఎన్ని మెయిళ్లు పంపారో చూసి తీసుకుంటాయి. రంగులూ టెంప్లేట్లూ అన్నీ దీని తర్వాతే. పెద్ద లిస్టు పెట్టుకుని పండక్కి పబ్బానికి మాత్రమే పంపేవాడు మనుషుల లెక్కన కట్టే సర్వీసులో చేరితే, ఊరికే కూర్చున్న నెలలకూ కిరాయి కట్టినట్టే. లిస్టు చిన్నదై, వారానికి రెండుసార్లు పంపేవాడికి మనుషుల లెక్కే లాభం.

మెయిల్‌చింప్ మనుషుల లెక్క సర్వీసు. అందరికీ తెలిసిన పేరు కాబట్టి అందరూ దానితోనే మొదలుపెడతారు. ఒకప్పుడు 2000 మంది దాకా ఉచితంగా ఇచ్చేది. 2021లో ఇంట్యూట్ కంపెనీ దాన్ని దాదాపు 1200 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తర్వాత ఉచితం 500 మందికి దిగింది, ఆ పైన బిగింపే గానీ సడలింపు లేదు. ఇంకో కిటుకు ఉంది. అన్‌సబ్‌స్క్రైబ్ చేసి వెళ్లిపోయినవాళ్లను కూడా, మీరు ఆర్కైవ్‌లోకి తోసేదాకా, లెక్కలో పెట్టే ఉంచుతుంది. మన చిన్న దుకాణాలకు నేను దీన్ని చెప్పడం మానేశాను. వస్తువు మంచిదే, ధర మనకు కాదు.

మెయిలర్‌లైట్ కూడా మనుషుల లెక్కే. చూడ్డానికి శుభ్రంగా, వాడ్డానికి తేలిగ్గా ఉంటుంది. ఉచితం 1000 మంది నుంచి 2025లో 500కు తగ్గింది. ఖాతా తెరవగానే పంపనివ్వదు, మీరెవరో చూసి ఆమోదించాకే గేటు తీస్తుంది. చిన్న లిస్టుకు బాగుంటుంది.

బ్రెవో మెయిళ్ల లెక్క సర్వీసు. 2023కు ముందు దీని పేరు సెండిన్‌బ్లూ. ఉచిత ప్లాన్‌లో రోజుకు 300 మెయిళ్లు పోతాయి. లిస్టులో వేలమందిని పెట్టుకున్నా మన స్థాయిలో అడ్డు తగలదు. అడ్డల్లా ఆ 300 దగ్గరే.

జోహో క్యాంపెయిన్స్ చెన్నై కంపెనీది. ఉచితంగా 2000 మంది కాంటాక్టులు, నెలకు 6000 మెయిళ్లు ఇస్తుంది. డబ్బు కట్టాల్సి వస్తే రూపాయల్లో కట్టొచ్చు, జీఎస్టీ బిల్లు ఇస్తారు. డాలర్లలో కట్టే సర్వీసులకు బ్యాంకు వేసే మార్పిడి చార్జీ మీద పడుతుంది. మన డెబిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ చెల్లింపు ముందు ఆన్ చేసుకోవాలి కూడా. జీఎస్టీ రెగ్యులర్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. కాంపోజిషన్‌లో ఉంటే రాదు. ఏదేమైనా నాకు జోహో తెరలు చూస్తే గవర్నమెంట్ ఆఫీసు గుర్తొస్తుంది. అన్నీ ఉంటాయి, ఏది ఏ గదిలో ఉందో వెతుక్కోవాలి.

ఇక చివరిది, కంప్యూటర్ చదివిన పిల్లలు చెప్పేది: అమెజాన్ ఎస్ఈఎస్. వెయ్యి మెయిళ్లకు పది సెంట్లు, అంటే సుమారు పది రూపాయలు. ఇంత చవకగా దొరకడం కష్టం. అయితే ఇది ఉత్తరాలు మోసే బండి మాత్రమే. లిస్టు పెట్టుకోవడానికీ మెయిల్ తయారు చేయడానికీ ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి. లిస్ట్‌మంక్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. తయారు చేసింది షేర్ల బ్రోకర్ కంపెనీ జెరోధాలో టెక్నాలజీ చూసే కైలాశ్ నాథ్. సెండీ అనేదానికి 69 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. రెంటిలో ఏది నడపాలన్నా నెలకు కనీసం నాలుగైదు వందల సర్వర్ కిరాయి. పైగా అమెజాన్ కొత్త ఖాతాను మొదట కట్టేసి ఉంచుతుంది. మీరు ఎవరికి, ఎందుకు పంపుతున్నారో ఇంగ్లిష్‌లో రాసిచ్చి ఒప్పించేదాకా రోజుకు 200 మెయిళ్లే, అవి కూడా ముందే ధ్రువీకరించిన అడ్రసులకే పోతాయి.

బావ లెక్క చూద్దాం. పదిహేనేళ్ల ఎగ్జిబిషన్ పుస్తకాలు, విజిటింగ్ కార్డుల డబ్బా ముందేసుకుని నేనూ మా అబ్బాయీ కూర్చుని ఎక్కిస్తే 1400 అడ్రసులు తేలాయి. ముందు ఆ 1400 మందికీ "ఫలానా చోట మా స్టాల్‌లో మీ కార్డు ఇచ్చారు, కొత్త డిజైన్లు వచ్చినప్పుడు చెప్పమంటారా?" అని ఒక్కసారి అడగమన్నాను. ఉగాది, దసరా, దీపావళి, రెండు ఎగ్జిబిషన్లు, కొత్త డిజైన్లు అన్నీ కలిపి ఏడాదికి 8 సార్లు పంపుతాడు. అంటే మొత్తం 11,200 మెయిళ్లు.

మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్ ఉచిత ప్లాన్లలో 1400 మంది పట్టరు. డబ్బు కట్టి చేరితే పన్నెండు నెలలూ కట్టాలి, పంపేది ఎనిమిదిసార్లు. బ్రెవో ఉచితంలో పడతారు గానీ, రోజుకు 300 చొప్పున ఒక్క విడత పూర్తవడానికి ఐదు రోజులు. లిస్టును మనమే ఐదు ముక్కలు చేసి రోజుకొకటి వదలాలి. ఎగ్జిబిషన్ శుక్రవారం మొదలైతే చివరి ముక్కవాడికి అది అయిపోయాక తెలుస్తుంది. అమెజాన్‌లో 11,200 మెయిళ్లకు అయ్యేది ఏడాదికి డాలరుంపావు కూడా కాదు, సుమారు వంద రూపాయలు. కానీ సర్వర్ కిరాయి ఐదువేలు దాటుతుంది. స్టాంపు చవకే, పోస్టాఫీసు అద్దె ఎక్కువ. "షాపులో పాత కంప్యూటర్ మీద నడుపుదాం" అన్నాడు బావ. కరెంటు పోయిన గంటలో ఎవరైనా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే పేజీ తెరుచుకోదు, అది ఇంకా చెడ్డపేరు అన్నాను. జోహోలో 1400 మంది ఉచితంలోనే పడతారు, నెలకు నాలుగు విడతలు పంపినా 5600, హద్దు లోపలే. బావ అందులో చేరాడు. ఆయనకు అయిన ఖర్చు డొమైన్‌దొక్కటే. లిస్టు 2000 దాటిన రోజు మళ్లీ కూర్చుంటాం. మొదట చేసే పని డబ్బు కట్టడం మాత్రం కాదు, రెండేళ్లుగా ఒక్క లింకూ నొక్కని పేర్లు తీసేయడం.

చిన్నమ్మకు ఇంత లెక్క అక్కర్లేదు. 180 మంది. బ్రెవోలో అందరికీ ఒక్కరోజులోనే పోతుంది, మెయిలర్‌లైట్‌లోనూ పోతుంది. ఫొటోలు పెట్టుకోవడం తేలికని ఆమెకు మెయిలర్‌లైట్ పెట్టాను. సంక్రాంతి సకినాల మెయిల్ జనవరిలో పంపితే లాభం లేదు, కొరియర్ చేరేసరికి పండుగ అయిపోతుంది. నవంబరు చివర్లోనే పంపాలి. చలికాలంలో మన రాత్రి ఏడున్నరకు న్యూజెర్సీలో పొద్దున తొమ్మిది, డల్లాస్‌లో ఎనిమిది. ఆ టైముకు షెడ్యూల్ చేసి పెడితే చిన్నమ్మ ఆ వేళకు టీవీ ముందు ఉన్నా మెయిల్ దానంతటదే పోతుంది.

ఆమె దగ్గర వచ్చిన పేచీ వేరే. ఇలాంటి సర్వీసులన్నీ మెయిల్ అడుగున పోస్టల్ అడ్రసు పెట్టమంటాయి. అమెరికాలో 2003లో చేసిన చట్టం వ్యాపార మెయిళ్లకు అది తప్పనిసరి చేసింది. "ఇంటి నంబరు ఊరందరికీ ఎందుకురా?" అని చిన్నమ్మ ససేమిరా అంది. చివరికి నా షాపు అడ్రసు పెట్టాం. ఇంటి నుంచి వ్యాపారం చేసే ఆడవాళ్లు చాలామందికి ఇదే ఇబ్బంది. తెలిసినవాళ్ల దుకాణం అడ్రసైనా, పోస్టాఫీసులో తీసుకున్న పోస్ట్ బాక్స్ నంబరైనా ముందే అనుకుని పెట్టుకోండి.

కోచింగ్ మిత్రుడిది ఇద్దరికీ తిరగబడ్డ లెక్క. ఎంక్వైరీ ఫారాల నుంచి 4000 అడ్రసులు. మే, జూన్‌లో వారానికొకటి, అంటే నెలకు 16,000 మెయిళ్లు. మిగతా పది నెలలు నిశ్శబ్దం. మనుషుల లెక్కన అయితే ఏడాది పొడుగునా 4000 మందికి కట్టాలి. మెయిళ్ల లెక్క ఇచ్చే బ్రెవోలో రెండు నెలలు మాత్రం డబ్బు ప్లాన్ తీసుకుని, జూలైలో ఉచితానికి దిగిపొమ్మన్నాను. నెలవారీ ప్లానే తీసుకోవాలి. డిస్కౌంటు చూసి ఏడాదిది కొంటే లెక్క అంతా బూడిదలో పోసినట్టే. అతనికి ల్యాబులో సర్వర్ చూసే పిల్లాడు ఉన్నాడు కాబట్టి అమెజాన్, లిస్ట్‌మంక్ కూడా కుదిరేవి. ఆ పిల్లాడు రేపు హైదరాబాద్ వెళ్లిపోతే ఎవరు చూస్తారని అడిగాను. జవాబు రాలేదు.

అసలు చిక్కు అడ్రసుల్లో ఉంది. ఇంటర్ పిల్లలు ఏదో ఫారం నింపడానికి నెట్ సెంటర్‌లో చేయించుకున్న జీమెయిళ్లు అవి, పాస్‌వర్డు వాళ్లకే గుర్తుండదు. పైగా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. అందుకే ఫారంలో తల్లిదండ్రుల మెయిల్ గడి పెట్టించాను, "మీకు సమాచారం పంపవచ్చా?" అని టిక్కు గడి కూడా. అది ముందే టిక్కు పెట్టి ఉండకూడదు, వాళ్లు పెట్టాలి.

ఈ మిత్రుడే ఒకసారి పెన్ డ్రైవ్‌లో లక్ష మెయిల్ ఐడీల "తెలంగాణ డేటా" కొన్నాడు. సగం చచ్చిన అడ్రసులు. ఒక్క విడత వదిలాడో లేదో, వెనక్కి వచ్చిన మెయిళ్లు చూసి సర్వీసువాళ్లు ఖాతా ఆపేశారు. కొన్న లిస్టుకు ఏ సర్వీసూ ఒప్పుకోదు. జీమెయిల్‌కు పంపేవాళ్లందరికీ స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి మూడు దాకా పోకూడదని నియమం ఉంది. తక్కువ పంపేవాళ్లమని ధీమాగా ఉండొద్దు, ఫిర్యాదుల లెక్క మన డొమైన్ పేరు మీదే పడుతుంది.

సర్వీసు ఏదైనా తెలుగులో పంపేవాళ్లకు ప్రింటింగ్ షాపు వాడిగా రెండు విషయాలు చెప్పాలి. డీటీపీలో వాడే అను ఫాంట్స్‌లో కొట్టిన మ్యాటర్ మెయిల్‌లో అతికించకండి, అవతల పిచ్చి గీతలు వస్తాయి. ఫోన్‌లో టైప్ చేసినా యూనికోడే, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదివే తెలుగే, కాబట్టి అది చాలు. రెండోది, ఫ్లెక్సీ డిజైన్‌నే ఒక్క పెద్ద బొమ్మగా పంపొద్దు. మాటలు లేకుండా బొమ్మ మాత్రమే ఉన్న మెయిల్‌ను స్పామ్ ఫిల్టర్లు అనుమానిస్తాయి. బొమ్మలు తెరవని ఆఫీసు కంప్యూటర్‌లో ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ధర, పేరు, ఫోన్ నంబరు అక్షరాల్లో రాయండి, ఫొటోలు రెండు చాలు. తెలుగులో అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, ఇంగ్లిష్‌ది ఒక్కటే. మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మధ్యలో కత్తిరిస్తుంది, అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనబడకుండా పోతుంది. వర్డ్ ఫైలు నుంచి కాపీ చేసినప్పుడు లోపల దాగి వచ్చే చెత్త కోడ్‌తోనే ఎక్కువగా ఈ బరువు పెరుగుతుంది.

ఎంతమంది తెరిచారన్న అంకెను చూసి సర్వీసుల మధ్య పోటీ పెట్టకండి. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో చేసిన మార్పుతో, మనిషి చూడకపోయినా "తెరిచారు" అని పడుతుంది. అమెరికా ఐఫోన్లున్న చిన్నమ్మ లిస్టులో ఆ అంకె ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. ఆమె చూసేది ఎన్ని కిలోల ఆర్డర్ వచ్చిందని.

ఉచిత ప్లాన్ల హద్దులు మారుతూనే ఉంటాయి కాబట్టి చేరే రోజున ఆ కంపెనీ ధరల పేజీ ఒకసారి చూడండి. చేరాక నెలకోసారి లిస్టును ఎక్సెల్ ఫైలుగా దింపి పెట్టుకోండి. వద్దని వెళ్లిపోయినవాళ్ల లిస్టు కూడా విడిగా దింపాలి. లేకపోతే ఇంకో సర్వీసుకు మారినప్పుడు పాత లిస్టంతా ఎక్కించేసి, వద్దన్నవాళ్లకే మళ్లీ పంపుతాం. బావ రెండు ఫైళ్లూ ఒక పెన్ డ్రైవ్‌లో వేసి, గల్లాపెట్టెలో బిల్లు బుక్కుల పక్కన పెట్టుకున్నాడు.